తప్పులు నేర్పిన అకానేసి

అకానేసికి సొరచేపంటే భయం లేదు. ఒక ఉదయం ఆటు నీళ్ళలో ఆమె ఆల్చిప్పలు ఏరుతుంటే నా పడవంత సొరచేప మోకాలి లోతుకు వచ్చేసింది. ఆమె చేతిలోని బుట్టతో దాని ముక్కు మీద ఒక్కటిచ్చి, "పో అవతలికి, పనిలో ఉన్నా" అంది. అది పోయింది. నా పడవ చిన్నదని ఎవరైనా అంటే అనుకోనివ్వండి, చేప మాత్రం పెద్దదే. పెద్ద తుఫానులో మా చర్చి రేకు ఎగిరిపోయి పక్క దీవి చర్చి మీద సరిగ్గా అతుక్కుంది. అక్కడివాళ్ళు దేవుడు పంపాడని చెప్పి ఇప్పటికీ తిరిగివ్వలేదు. ఆ గాలిలో కూడా అకానేసి గుడిసె స్తంభం పట్టుకుని పాట పాడుతూ కూర్చుంది.

అలాంటి మనిషి, పట్నం ఓడ కూత వినపడితే చాలు, అల్లుతున్న చాప వదిలేసేది. మొగలాకు అంచు వేలు కోసినా తెలిసేది కాదు. ఓడలోంచి ఎవరెవరు దిగుతున్నారో చూసిందాకా ఊపిరి పీల్చేది కాదు.

ఎందుకంటే ఆ ఓడలో ఏదో ఒక రోజు ఆమె ఆడపడుచు మెలేఆనా దిగవచ్చు.

మా హాపాయి దీవుల్లో ఇంటికి పెద్ద మగవాడని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ మగవాడి అక్కే ఇంటికి పెద్ద. పిల్లలకు మేనత్త. ఆమె వచ్చి పందిని అడిగితే పందిని కట్టి ఇవ్వాలి, చాప అడిగితే చాప చుట్టి ఇవ్వాలి, పిల్లను అడిగితే పిల్లను స్నానం చేయించి ఇవ్వాలి. కాదనే మాట మా నాలుకకు అలవాటు లేదు. మేనత్త మనసు నొచ్చుకుంటే పిల్లలకు జ్వరాలు వస్తాయి, కోడళ్ళకు కాన్పులు కష్టమవుతాయి. మా ఊళ్ళో ఒళ్ళు వెచ్చబడితే నర్సమ్మ కంటే ముందు మేనత్త గుర్తొస్తుంది. ఈ మర్యాద తప్పినవాడు మా దీవిలో ఒక్కడూ లేడు, నేను తప్ప. నాకు మేనత్త లేదు.

అకానేసి పెద్దకొడుకు తెవిటా అలాగే వెళ్ళిపోయాడు. మామగారు చనిపోయినప్పుడు మెలేఆనా పట్నం నుంచి వచ్చి శవం తల దగ్గర కూర్చుంది. అది ఆమె చోటు. అకానేసి సంతాపం గుర్తుగా చినిగిన పెద్ద చాప నడుముకు చుట్టుకుని పెరట్లో మట్టిపొయ్యి పొగలో ఉంది. అది కోడలి చోటు. పూడ్చిపెట్టి వచ్చాక మెలేఆనా తెవిటా తల నిమిరి, "వీడు నాతో వస్తాడు" అంది. అడగలేదు, చెప్పింది. అకానేసి భర్త పెనిసిమాని తల వంచుకుని "అలాగే అక్కా" అన్నాడు. పొగలోంచి అకానేసి కూడా "అలాగే వదినా" అంది.

కొన్నేళ్ళకు వాడు క్రిస్మస్‌కి వచ్చాడు. గుమ్మం బయట బూట్లు విప్పి, వరసగా పెట్టి, "లోపలికి రావచ్చాండీ?" అని అడిగాడు. తల్లి వండిన చేమాకు పొట్లం విప్పి కొబ్బరిపాలలో ఉడికిన మాంసం తింటూ, చాలా బాగుందండీ అన్నాడు. వాడు వెళ్ళాక ఆమె ఏడవలేదు. రెండో పిల్ల సెపియూతాను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు దాని చెవి పట్టుకుని ఉంది, ఎగిరిపోయే దాన్ని పట్టుకున్నట్టు.

నేను వాళ్ళ పక్కింటివాణ్ణి. ఈ దీవిలో నాకు చుట్టరికం తగలని ఇల్లు అదొక్కటే. అందుకే ఆమె నన్ను పేరు పెట్టి పిలుస్తుంది, అన్నా అనదు. ఒక్కసారి అన్నా అని పిలిస్తే ఇక నేను ఆమె ముందు తలెత్తకూడదు, వేళాకోళం ఆడకూడదు. వేళాకోళం లేకపోతే నేను బతకను.

సెపియూతా నాలుగో తరగతికి వచ్చిన ఏడాది మే నెలలో, పిల్లలు చర్చిలో వాక్యాలు అప్పజెప్పే ఆదివారం, మా ఊరి దురదృష్టం మొదలైంది. పిల్ల తన వాక్యం చెప్పింది. పక్కవాడు మరిచిపోతే వాడి వాక్యం అందించింది. ఆ పక్కవాడు భయపడి నోరు తెరవకపోతే వాడిదీ చెప్పేసింది. చివరికి పాస్టరు గారు పేజీ వెతుక్కుంటుంటే ఆ పేజీ ఏదో కూడా చెప్పింది. ముసలమ్మలు తెల్లటి చేతిరుమాళ్ళతో కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. అది రెండు రోజుల్లో పట్నం నూకుఅలోఫాలో మెలేఆనా ఫోన్‌కు చేరింది.

ఆ వెనకే మా హెడ్మాస్టరు కఫోవా గారు అకానేసి ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే నవ్వుతున్నారు.

"అకానేసీ, ఆ చాప పక్కన పెట్టు. కబురు తెచ్చాను."

"మంచిదేనా మాస్టారూ?"

"పట్నం నుంచి ఒకావిడ వస్తోంది. నాలుగో తరగతి పిల్లలకు పరీక్ష పెడుతుంది. పాఠాల్లోది కాదు, బుర్రకు పరీక్ష. బొమ్మ చూపిస్తారు, అందులో ఒక ముక్క ఉండదు. కింద ఆరు ముక్కలుంటాయి, ఏది సరిపోతుందో వేలు పెట్టి చూపించాలి. బాగా చేసినవాళ్ళకి పట్నం బళ్ళో చోటిస్తారు. చుట్టాలింట్లో ఉండి చదువుకోవచ్చు."

"చుట్టాలింట్లో" అంది అకానేసి.

"మీకేం తల్లీ, మెలేఆనా ఉంది! నేనే ఫోన్ చేసి చెప్పేశాను. అప్పుడే గది సర్దుతున్నానంది."

మాస్టారు వెళ్ళిన తర్వాత అకానేసి నా దగ్గరికి వచ్చింది. నేను వల బాగుచేసుకుంటున్నాను.

"మోసెసే, నువ్వు పరీక్షలు ఎలా తప్పేవాడివి?"

పుట్టి ఇన్నేళ్ళయినా చదువు విషయంలో నన్నెవరూ సలహా అడగలేదు. వల పక్కన పెట్టి, లేచి చొక్కా తొడుక్కున్నాను.

"ఏ పరీక్ష? లెక్కలా, ఇంగ్లీషా? ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఉంది."

"వెటకారాలు ఆపు. పిల్ల తప్పాలి."

అప్పుడు ఆమె ముఖం చూశాను. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"చూడు తల్లీ, తప్పడమంటే ఊరికే వచ్చే విద్య కాదు. నేను నాలుగో తరగతి వరకు సాధన చేశాను. కొన్ని ఒప్పులు పెట్టాలి. మొదట్లో రెండు, మధ్యలో ఒకటి. మిగతావి కిటికీలోంచి కోళ్ళను చూస్తూ పెట్టాలి. మధ్యరకం పిల్లను ఎవరూ పట్టించుకోరు. చర్చిలో మధ్య బెంచీ మీద కూర్చున్నవాణ్ణి పాస్టరు ఎప్పుడైనా లేచి ప్రార్థన చెప్పమన్నాడా?"

"ఆ కొన్ని ఒప్పులే ఎక్కువైపోతే?"

"ఎలా అవుతాయి?"

"నీకు దాని సంగతి తెలీదు. రెండు పెట్టమంటే మూడోది కూడా చూస్తుంది, చూశాక ఆగలేదు. వద్దు. ఒక్కటి కూడా వద్దు."

"అయ్యో, ఒక్కటి కూడా లేకపోతే బాగోదు. నా తప్పుల్లో కూడా అప్పుడప్పుడూ ఒప్పులు దొర్లేవి. తప్పడంలో కూడా నిజాయితీ ఉండాలి."

ఆమె వినలేదు. మునిగిపోయేవాడు పట్టుకున్న చేతిని విరగ్గొడతాడు కానీ సుతారంగా పట్టుకోడు.

ఆ సాయంత్రం కంచె ఇవతల నుంచి నాకు అంతా వినపడింది. నేను వినాలని నిలబడలేదు. కంచె నా చెవి దగ్గర ఉంది, అంతే. ఆమె పిల్లకు జడ వేస్తోంది.

"ఏది సరైందో నీకు కనిపిస్తుంది కదా? దాని మీద వేలు పెట్టకు. పక్కదాని మీద పెట్టు."

"అన్నిటికీనా అమ్మా?"

"అన్నిటికీ."

"కఫోవా మాస్టారు ఏడుస్తారు."

"ఏడవనీ."

"అది అబద్ధం కాదా? ఆదివారం బళ్ళో చెప్పారు కదా..."

"నోటితో చెబితే అబద్ధం. నువ్వు నోరు విప్పకు. ఎవరు అడిగినా విప్పకు. వేలు పెట్టు, లేచి వచ్చెయ్."

"నేను బాగా చేస్తే అత్త తీసుకుపోతుందా?"

అకానేసి జడను ఓడ మోకు పేనినట్టు పేనింది. పిల్ల కాసేపు ఆలోచించి కనుబొమ్మలు ఎగరేసింది. మా దగ్గర దానర్థం సరేనని.

పట్నం ఆవిడ పేరు లెసియేలి. పిల్లలు ఆమెకు బొమ్మలమ్మ అని పేరు పెట్టారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఒక్కొక్క పిల్లను విడిగా పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకునేది. సెపియూతా వంతు వచ్చినప్పుడు నేను బడి నీళ్ళ తొట్టికి గొట్టం బిగిస్తూ నిచ్చెన మీద ఉన్నాను. కిటికీ అద్దాల సందులోంచి పిల్ల చెయ్యి కనపడుతోంది.

ఆ చెయ్యిని నేను మరిచిపోలేను. బొమ్మ తిప్పగానే వేలు గింజ మీదకు కోడిముక్కులా నేరుగా ఒక ముక్క మీదకు వెళ్ళేది. తగలబోయే ముందు ఆగేది. అక్కడే కొంచెం వణికేది. తర్వాత పక్కకు జరిగి వేరే ముక్క మీద వాలేది. ప్రతిసారీ అంతే. పిల్ల పెదవులు బిగించి ఉన్నాయి, ముక్కు మీద చెమట. ఈత రానివాళ్ళు నీళ్ళలో ముఖం పెట్టినట్టుంది. గుమ్మం దగ్గర కఫోవా మాస్టారు చేతులు కట్టుకుని పెళ్ళివారిలా చిరునవ్వుతో నిలబడ్డారు. ఆయనకు చెయ్యి కనపడటం లేదు. బొమ్మలమ్మకు కనపడుతోంది. కానీ ఆమె ముఖం కడిగిన ప్లేటులా ఖాళీగా ఉంది.

మర్నాటికల్లా ఊరంతా తెలిసిపోయింది. సెపియూతాకు ఒక్కటీ ఒప్పు రాలేదు. చివర బెంచీ పిల్లలకు కూడా కొన్ని వచ్చాయి. వేరు నూరి నీళ్ళలో కలిపిన కావా తాగే చోట మాస్టారు చుట్టూ మగవాళ్ళు చేరారు.

"మాస్టారూ, ఆ రోజు చర్చిలో చదివింది పిల్లా, చిలకా?"

"మొన్నటి బడి పరీక్షలో నూటికి తొంభై పైన వచ్చాయన్నారు. మార్కులు మీరు వేసుకున్నవేనా?"

"ఆ పిల్ల నా రికార్డు కొట్టేసింది" అన్నాను నేను కూడా. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. కొబ్బరి చిప్పలోని కావాను, మర్యాదకు కొట్టే చప్పట్లు కూడా కొట్టకుండా తాగేసి, "మిగతాది వింటే మీరూ నవ్వరు" అన్నారు. "అట్టడుగున వచ్చినవాళ్ళను కూడా పట్నం తీసుకుపోవాలట. చెవులు, కళ్ళు, తల అన్నీ చూపించాలి. చుట్టాలింట్లో ఉంచి. ఎన్నాళ్ళో చెప్పలేరు."

ఆ మాట నేనే అకానేసికి చేరవేశాను. చాప మీద కూర్చున్నదల్లా లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది.

"పైన ఉంటే పట్నం. కింద ఉన్నా పట్నమేనా?"

"మధ్యలో ఉండమని నేను చెప్పలేదా?"

"నోరు ముయ్ మోసెసే" అంది. ఆ గొంతులో కోపం లేదు. పడవ అడుగున చిల్లు కనపడినప్పుడు మనిషి గొంతు అలాగే ఉంటుంది.

గాలి తిరగబడి ఆ వారం ఓడ రాలేదు. బొమ్మలమ్మ మాస్టారింట్లోనే చిక్కుకుపోయింది. రోజూ సముద్రం నల్లగా లేస్తూ ఉండేది. అకానేసి రోజూ దాన్ని చూసి, "ఇంకా ఉండు, ఇంకా ఉండు" అని గొణిగేది. గాలి తగ్గితే బొమ్మలమ్మ వెళుతుంది, కాగితాలు వెళతాయి, కాగితాల వెనక పిల్ల వెళుతుంది. ఊరంతా ఎండ కోసం ప్రార్థిస్తుంటే ఒక ఆడమనిషి తుఫాను కోసం ప్రార్థించడం నేను అప్పుడే చూశాను.

గాలి తగ్గకముందే బొమ్మలమ్మ అకానేసి ఇంటికి వచ్చింది, మాస్టారుతో కలిసి. నేను చేపలు ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాను. పెనిసిమాని తోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. పిల్ల తల్లి వెనక దాక్కుంది. అకానేసి చాప పరిచి, కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చింది.

"మీ అమ్మాయి చెవులకేం కాలేదు" అంది లెసియేలి. "తలకూ ఏం కాలేదు."

బోండాం పక్కన పెట్టి మళ్ళీ అందుకుంది.

"ఒక్కో బొమ్మ కింద ఆరు ముక్కలుంటాయమ్మా. కళ్ళకు గంతలు కట్టుకుని వేలు పెట్టినా అప్పుడప్పుడూ సరైనదాని మీద పడుతుంది. చీకట్లో కొబ్బరిచెట్టు మీదకు రాళ్ళు విసురుతూ ఉంటే ఒకటో రెండో కాయకు తగులుతాయి కదా? మీ పిల్లది ఒక్కటీ తగల్లేదు. ఒక్కటి కూడా తగలకుండా విసరాలంటే, కాయలు ఎక్కడెక్కడున్నాయో అన్నీ కనపడి ఉండాలి."

కఫోవా మాస్టారు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. ముసలి ముఖంలోకి ఒక్కసారిగా వెలుగు వచ్చింది. ఆ వెలుగు ఇంకెవరి ముఖంలోకీ రాలేదు.

"నీకు ఇలా చెయ్యమని ఎవరు చెప్పారు బంగారూ?" అని పిల్లను అడిగింది లెసియేలి.

పిల్ల నేల చూసింది. పెదవులు బిగించింది. ఎవరు అడిగినా నోరు విప్పొద్దని తల్లి చెప్పింది కదా. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా విప్పలేదు. అది చూసి తట్టుకోలేక తల్లే అంది, "నేనే."

"నువ్వా?" అన్నాడు పెనిసిమాని. "ఎందుకే?"

ఆమె పిల్లను ఇంకాస్త తన వెనక్కి లాక్కుంది. అతని ముఖం మెల్లమెల్లగా బూడిదరంగుకు తిరిగింది.

"మా అక్కకా? మా అక్కకు భయపడి పిల్లను మొద్దును చేశావా?"

అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. అక్క గురించిన చెడ్డమాట ఆ ఇంట్లో అనడం అటుంచి, వినడమే తప్పు. కాళ్ళు తుడుచుకోకుండానే బయటికి వెళ్ళి తన పడవలో కూర్చున్నాడు. ఆ రోజు భోజనానికి రాలేదు.

లెసియేలి వెళుతూ, "ఈ మార్కులు లెక్కలోకి రావు. మళ్ళీ పెట్టాలి" అంది. ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం వల్ల అకానేసి ఇంకా భయపడింది.

రెండు రోజులకు పిల్లకు జ్వరం వచ్చింది.

సగం తరగతి అప్పటికే దగ్గుతోంది. నర్సమ్మ చూసి, ఊళ్ళో తిరుగుతున్న జ్వరమే, మాత్రలు వెయ్యమంది. కానీ పొరుగు ఆడవాళ్ళు వచ్చి పిల్ల నుదురు ముట్టుకుని, ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పిల్ల మండుతున్న కళ్ళతో, "అత్తకు తెలిసిపోయిందా అమ్మా?" అని అడిగింది.

"మోసెసే, ఇది నేను చేసిందే" అంది అకానేసి. తడిగుడ్డ పిండి మళ్ళీ పిల్ల నుదుటి మీద వేసింది.

"మాత్ర వేశావా?"

"వేశా. మాత్ర ఒంటికి. నొచ్చుకున్న మనసుకు ఏది వేస్తాం?"

నాకు ఎన్నో జవాబులు తెలుసు. ఒకసారి నేను ఆక్టోపస్‌కు పాట పాడి బొరియలోంచి బయటికి రప్పించాను. ఆ రోజు మాత్రం బిందె తీసుకుని చల్లనీళ్ళకు వెళ్ళాను.

ఏ ఓడ రాకూడదని ఆమె ప్రార్థించిందో ఆ ఓడ కోసమే ఇప్పుడు రేవులో పడిగాపులు కాసింది. వదినకు ఇచ్చి మన్నించమని అడగడానికి పెట్టెలో దాచుకున్న సన్నచాపను బయటికి తీసింది. దాన్ని ఏళ్ళ తరబడి అల్లింది, కూతురి పెళ్ళికని. పెనిసిమాని రాలేనన్నాడు. అక్క ముందు ఇలాంటి మాట ఎత్తడానికి తమ్ముడికి నోరుండదు. కాబట్టి నేను వెళ్ళాను. ఓడలో పందులు, పెండలం బుట్టలు, వాంతులు చేసుకునే జనం, ఒక మూల పట్నానికి తిరిగి వెళుతున్న బొమ్మలమ్మ. అకానేసి పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆకాశం వైపు చూడకుండా కూర్చుంది. దారి సగంలో పిల్ల లేచి, "ఆకలేస్తోంది" అంది. ఒళ్ళు చల్లబడింది.

"జ్వరానికి కూడా సముద్రం పడలేదే" అన్నాను. "తగ్గింది కదా, వచ్చే ఓడకు వెనక్కి పోదామా?"

"బయలుదేరాననే తగ్గింది. తిరిగితే ఊరుకుంటుందా?"

మెలేఆనా ఇంటి వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. పెద్ద మనిషి. ఒక పాదానికి కట్టు, చక్కెర జబ్బు పుండు. నేను ఊహించుకున్న మెలేఆనా ఇంతకంటే ఎత్తుగా ఉండేది. అకానేసి గుమ్మం మెట్టు దగ్గరే కింద కూర్చుండిపోయి, చాపను ముందుకు నెట్టి, తల వంచింది.

"ఎండలో కూర్చున్నావేం? పైకి రా."

"ఇక్కడ బాగానే ఉంది వదినా."

"పిల్ల చిక్కిపోయిందేం?"

"జ్వరమొచ్చింది వదినా. తగ్గింది. నువ్వొక్కసారి చెయ్యి వెయ్యి. నీ మనసు..."

"నా మనసుకేమైంది?"

అకానేసి చెప్పింది. నేలతో చెప్పింది. జడ దగ్గర్నుంచి వేలు దాకా, తుఫాను కోసం ప్రార్థించడం దాకా. లోపలి నుంచి తెవిటా టీ తెచ్చాడు. ఎంత ఎదిగాడో! తల్లిని ఏమని పిలవాలో తెలియక కప్పు ఆమె ముందు పెట్టి, అలాగే నిలబడ్డాడు.

మెలేఆనా తెవిటా వైపు చూసింది. మేనత్త లేనివాణ్ణి కాబట్టి నాకు భయం ఉండకూడదు. ఉంది.

"వీణ్ణి అడిగిన రోజు కాదనలేకపోయావా?" అంది మెలేఆనా.

"ఎలా కాదంటాను వదినా?"

"అవును. ఎలా అంటావు." కట్టు కట్టిన పాదం వైపు చూసుకుంది. "పుట్టినప్పట్నుంచీ నాకెవరూ కాదని చెప్పలేదు. కాదంటే ఎలా ఉంటుందో నాకూ తెలీదు. ఇట్రావే పిల్లా."

సెపియూతా వెళ్ళింది. మేనత్త దాని తల మీద చెయ్యి వేసింది. చెయ్యి వేసి, తీయకుండా, "ఇది జ్వరం కాదు అకానేసీ. ఇది నన్ను చూసి వణుకుతోంది" అంది. ఆ గొంతు విని నేను రోడ్డు వైపు తిరిగాను.

"ఆ బొమ్మలావిడ దగ్గరికి తీసుకెళ్ళు. ఈసారి కనపడినదాని మీదే వేలు పెట్టమను. తర్వాత ఏం చెయ్యాలో నువ్వే నాకు చెప్పు. నేనడగను."

అకానేసి అంత భయపడింది నేనెప్పుడూ చూడలేదు. ఇంతకుముందు భయానికి ఒక ముఖం ఉండేది, ఒక పేరుండేది, ఓడలో వచ్చేది. ఇప్పుడు మాట ఆమె నోటికే వచ్చింది. పంపితే కొడుకు లాగా కూతురూ అండీ అంటుంది. ఉంచితే, రేపు పిల్ల చేపలు తోముతూ, నన్నెందుకు ఆపావని అడగవచ్చు. దారిలో రెండుసార్లు ఆగి నన్ను అడిగింది, "నువ్వైతే ఏం చేస్తావు?" నేను ఎప్పుడూ ఏదో ఒకటి చేసేవాణ్ణి కదా. "నన్నడక్కు తల్లీ" అన్నాను.

పట్నం ఆఫీసులో లెసియేలి ఈసారి మమ్మల్ని కూడా మూల కూర్చోనిచ్చింది. పిల్ల మొదటి బొమ్మ చూసి తల్లి వైపు తిరిగింది. అకానేసి కనుబొమ్మలు ఎగరేసింది. వేలు వెళ్ళింది, వాలింది, అక్కడే ఉంది. తర్వాత బొమ్మలు వేగంగా తిరిగాయి. చివర్లో కష్టమైనవాటి దగ్గర పిల్ల నాలుక బయటపెట్టి ఆలోచించింది, కొన్ని తప్పింది కూడా. మొదటిసారిగా నిజంగా తప్పింది. అది తప్పుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో!

"చాలా బాగా చేసింది" అంది లెసియేలి. "చాలా."

"అయితే ఎక్కడుండాలమ్మా ఇది?" అంది అకానేసి, ఆశగా. ఎవరో ఒకరు చెప్పేస్తారని.

"ఈ బొమ్మల పుస్తకం పిల్ల ఎంత చూడగలదో చెబుతుంది. ఎక్కడుండాలో ఇందులో లేదు. మీ మాస్టారు బాగానే చెబుతున్నారు, ఆ సంగతి దాని మార్కుల్లో ఉంది. ఇక మీ ఇష్టం."

వరండా దగ్గరికి తిరిగొచ్చేసరికి మెలేఆనా అదే కుర్చీలో ఉంది. అకానేసి ఈసారి మెట్టు మీద కూర్చుంది, ఒక మెట్టు పైన. రెండు చేతులూ ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని పెనుగులాడుతున్నాయి.

"ఆరో తరగతి పరీక్ష అయ్యేదాకా..." అంది. ఆగింది. "అయ్యేదాకా నా దగ్గరే ఉంచు వదినా. తర్వాత అదే చెబుతుంది. ఇప్పుడు మాత్రం... ఇవ్వను."

ఆ చివరి మాట అన్నాక, ఆకాశం విరిగి మీద పడుతుందేమో అన్నట్టు భుజాలు పైకి లాక్కుంది. నేను కూడా లాక్కున్నాను. మెలేఆనా కళ్ళు మూసుకుంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. తెవిటా తలుపు చాటున కదలకుండా ఉన్నాడు.

"ఇలా ఉంటుందన్నమాట" అంది మెలేఆనా, కళ్ళు తెరవకుండానే. ఆ మాట మాతో కాదు. తర్వాత చాపను దగ్గరికి లాక్కుని అల్లిక మీద వేళ్ళు నడిపించింది. "చాప ఉంచుకుంటాను. పిల్లను తీసుకుపో. కానీ ఒక మాట. ఈలోగా దానికి ఎప్పుడైనా ఒళ్ళు వెచ్చబడితే, నా పేరు చెప్పి వణక్కు. ముందు నాకు చెప్పు."

సెపియూతా ఇప్పుడు అయిదో తరగతి. కఫోవా మాస్టారు కావా దగ్గర మళ్ళీ నవ్వుతున్నారు. ఇప్పుడు మార్కులు ఎవరికి కావాలంటే వాళ్ళకు చూపిస్తున్నారు, అడగనివాళ్ళకు కూడా. పెనిసిమాని పడవలోంచి ఇంటికి వచ్చాడు కానీ ఆ విషయం ఎత్తడు.

అకానేసికి భయం పోయిందని చెబితే నేను అబద్ధమాడినట్టే, నేను అబద్ధాలాడనని మీకు తెలుసు. మొన్న బడి నుంచి వస్తూ పిల్ల తుమ్మింది. ఒక్కసారే. వెంటనే అకానేసి దాని నుదుటి మీద చెయ్యి పెట్టింది, మెడ మీద పెట్టింది, మళ్ళీ నుదుటి మీద పెట్టింది. పరుగున కంచె దగ్గరికి వచ్చి నా ఫోన్ అడిగింది.

"వదినకు కలిపివ్వు మోసెసే."

"పిల్లకేం లేదు కదే. ఏం చెబుతావు?"

"ఏం లేదని చెబుతాను" అంది, ఫోను రెండు చేతులతో పట్టుకుని.